సరస్సు ఒడ్డున శనివారం తలంటు

నిన్న సాయంత్రం మా వీధిలో ఒక తెలుగు జంట, పాతికేళ్ళు దాటాయో లేదో, పసిపిల్లల బండి ఒకటి తోసుకుంటూ ఎదురయ్యారు. మన తరం ఆడవాళ్ళకి ఉండే అలవాటు కొద్దీ, బిడ్డ ఎవరి పోలికో చూద్దామని వంగి దుప్పటి తొలగించాను. లోపల మూతంతా నెరిసిన ఒక ముసలి కుక్క, దిండు మీద తల ఆనించుకుని, ఏం కావాలన్నట్టు నా వైపు చూసింది. ఆ అమ్మాయి నవ్వుతూ, "వాడు ఎక్కువ వాక్ చేయలేడు ఆంటీ, కానీ ఇంట్లో వదిలేస్తే గోల గోల చేస్తాడు" అంది. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక టీ పెట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాను. మా చిన్ని గుర్తొచ్చింది.

మా కాలంలో ఇక్కడ, చికాగో పక్కన ఈ నేపర్‌విల్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో కుక్క ఉందంటే అదొక వింత. మాకు రెండు. మా అమ్మాయి ఏడ్చి సాధించుకుని, తీరా కాలేజీకి వెళ్ళిపోతూ మా నెత్తిన పెట్టిపోయింది. చిన్ని నల్లటి లాబ్రడార్, పేరుకే చిన్ని. రంగడు ఏ జాతివాడో వాడికే తెలియదు, పైగా పెద్దయ్యాక చెవుడు. మా చర్చివాళ్ళు ప్రార్థన కూటానికి ఇంటికొస్తే కొందరు పెద్దమ్మలు చీర కుచ్చెళ్ళు పైకెత్తిపట్టుకుని సోఫా అంచున కూర్చునేవారు. చిన్ని మాత్రం గుమ్మం దగ్గర బుద్ధిగా పడుకుని, పాటలకీ వాక్యానికీ కదలకుండా, చివరి ఆమెన్ వినగానే లేచి నిలబడేది. దాని తరవాత బిర్యానీ అని దానికి తెలుసు. ఆ భక్తికి మా పాస్టరుగారు కూడా ముచ్చటపడేవారు.

ఏటా అక్టోబరులో మేం నలుగురం కారెక్కి ఉత్తరానికి పోయేవాళ్ళం. విస్కాన్సిన్ దాటి, మిషిగన్ పై భాగంలో సుపీరియర్ సరస్సు ఒడ్డుదాకా. కుక్కలు కుర్రవిగా ఉన్నప్పుడు ఒక్క పూటలో వెళ్ళిపోయిన దారే, వాటికి వయసు వచ్చేకొద్దీ రెండు రోజుల దారి అయింది. ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆగడం, గడ్డి వాసన చూడనివ్వడం, మళ్ళీ ఎక్కించడం. ఆ ఆగడాల్లోనే నేను ఈ దేశాన్ని చూశానంటే నమ్మండి. ఎర్రబడిన మేపుల్ చెట్లూ, కోత అయిపోయిన మొక్కజొన్న చేలూ, క్రాన్‌బెర్రీ మడుల్లో నీళ్ళ మీద తేలే ఎర్రటి కాయలూ, అన్నీ కుక్కల పుణ్యమే. శుక్రవారం సాయంత్రమైతే ఏ ఊళ్ళో ఆగినా చేపల వేపుడే, అది అక్కడి ఆచారం. కోస్తావాళ్ళం, మాకు అంతకంటే ఏం కావాలి? పైనున్న పిండి ఒలిచి, ముల్లు ఏరి, లోపలి ముక్క కార్లో ఉన్నవాళ్ళకి పట్టుకెళ్ళేదాన్ని.

నేను చెప్పే ఏడాది చిన్ని వెనక కాళ్ళు పట్టు తప్పాయి. తుంటి కీళ్ళు అరిగిపోయాయన్నాడు డాక్టరు. లేవాలంటే పొట్ట కింద తువ్వాలు వేసి మావారు పైకెత్తి పట్టుకోవాలి. అయినా ప్రయాణం మానలేదు. మావారే పట్టుబట్టి బయల్దేరదీస్తే, ఈయనకి కుక్క మీద ఎంత ప్రేమో అని మురిసిపోయాను. ఆ శుక్రవారం చేపల పళ్ళెం ముందు కూర్చున్నాక, నా ముఖం చూడకుండా అసలు సంగతి చెప్పారు.

"ట్యూస్‌డే మార్నింగ్‌కి డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. దాన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకు? ఇంజెక్షన్ ఇస్తే నిద్రలోనే వెళ్ళిపోతుందంట. చివరిసారి సరస్సు చూపిద్దామనే తీసుకొచ్చాను."

చేతిలో ఉన్న చేప ముక్క మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను. ఆయన మీద కోపం, ఆయన అన్నదాంట్లో నిజం ఉంటుందేమోనన్న భయం, రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మర్నాడు మళ్ళీ బయల్దేరాం. వెనక సీట్లో చిన్ని తల నా భుజం మీద ఆనించి ఊపిరి వదులుతుంటే, ఈ వెచ్చదనం మంగళవారం దాకేనా అనుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మేం దిగిన మోటెల్ నడిపేది డెబ్భై దాటిన ఒక పెద్దావిడ. వాళ్ళ తాతలు ఫిన్లండ్ నుంచి గనుల్లో పనికి వచ్చారట. తాళంచెవి ఇస్తూ, ఈ రోజు శనివారం గదా, మా ఊళ్ళో అందరికీ స్నానాల రోజు, రేపు చర్చికి వెళ్ళాలంటే ఈ సాయంత్రం వేడి స్నానం చేయాల్సిందే, మీరూ వెనక ఉన్న స్నానాల గదికి రండి అని పిలిచింది. మాకు ఎక్కడ లేని ఆనందం కలిగింది. మా అమ్మ కూడా అంతే, శనివారం సాయంత్రం మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి నూనె అంటి, ఆదివారం ఆరాధనకి నిగనిగలాడుతూ పంపేది. ఇంత దూరాన, ఇంత చలి దేశంలో మన పద్ధతే ఉందే అనుకున్నాం. మావారి నడుం నొప్పికని ఎప్పుడూ వెంట ఉంచుకునే నువ్వుల నూనె సీసా తీసి, గోరువెచ్చగా చేసి, ఇద్దరం తల నుంచి పాదాల దాకా పట్టించుకున్నాం. ఆయన పాత లుంగీలో, నేను పాత నైటీలో, నూనె కారుతూ, కుక్కల్ని వెంటేసుకుని ఆ చెక్కగది తలుపు తట్టాం.

ఆవిడ తలుపు తీసి మమ్మల్ని పైనించి కిందికి చూసింది. వాళ్ళది ఆవిరి స్నానం. ముందే సబ్బుతో శుభ్రంగా ఒళ్ళు కడుక్కుని, పొయ్యి మీద కాలిన రాళ్ళ పక్కన, తెల్లటి చెక్క బల్లల మీద కూర్చుని చెమట పట్టించుకోవాలి. ఆ బల్లల మీద మేం కూర్చుంటే నూనె ఏనాటికీ వదలదు! సంగతి విని ఆవిడ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, సబ్బూ వేడినీళ్ళూ చూపించింది. బట్టలు మార్చుకునే బయటిగది గోరువెచ్చగా ఉంది, కుక్కల్ని అక్కడే ఉండనివ్వమంది. మావారు కడుక్కోబోతూ, చేతులకున్న నూనె వృథా ఎందుకనుకున్నారో ఏమో, చతికిలబడి చిన్ని తుంటికి మర్దనా చేయడం మొదలుపెట్టారు. అది కళ్ళు మూసుకుంది. అంత నెమ్మదిగా ఆయన చేతులు కదలడం నేను మా పెళ్ళయ్యాక చూసింది తక్కువే.

ఒళ్ళంతా ఉడికాక ఇంకో ఆచారం ఉందట. వేడి మీదే వెళ్ళి సరస్సులో దిగాలి. ఆ పెద్దావిడ తువ్వాలు రాతి మీద పడేసి, కేకపెడుతూ మోకాటి లోతు నీళ్ళలోకి పరుగెత్తింది. మేం గుమ్మంలో నోళ్ళు వెళ్ళబెట్టుకుని నిలబడ్డాం. ఇంతలో నా కాలికి ఏదో తగిలింది. చిన్ని లేచింది. పొట్ట కింద తువ్వాలు లేదు, ఎత్తేవాళ్ళు లేరు. ఎవరో నీళ్ళలో ఆడుతున్నారు, తను ఒడ్డున ఉండిపోవడమా అన్నట్టు, వణికే కాళ్ళతో ఇసక మీద వంకరగా నడుచుకుంటూ పోయి, పొట్టదాకా సుపీరియర్‌లో నిలబడి తోక ఊపింది. వెనకాలే రంగడు. వాళ్ళ వెనకాల, బాబోయ్ చచ్చాను అని అరుస్తూ మావారు. నేను ఒడ్డున నిలబడి ఏడుస్తూ నవ్వాను.

మర్నాడు ఉదయం ఆయనే డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి, మంగళవారం రావడం లేదని మెసేజ్ పెట్టారు. పెట్టి, "అది రెడీ అయినప్పుడు చూద్దాంలే. మనకెందుకు తొందర?" అన్నారు.

చిన్ని కుర్రదైపోలేదు. తువ్వాలు మళ్ళీ అవసరమైంది, మందులు వేశాం, శనివారాలు నూనె రాశాం. కానీ చలికాలమంతా మాతో ఉంది, క్రిస్మస్ కేరల్స్‌కి వచ్చిన పిల్లలందరినీ నాకింది. మంచు కరిగి గడ్డి మొలిచాక ఒక మధ్యాహ్నం, పెరట్లో ఎండలో, మావారి పాదం మీద తల పెట్టుకుని నిద్రలోనే పోయింది. ఆ తరవాత రంగడితో ఇంకో రెండు అక్టోబర్లు ఉత్తరానికి వెళ్ళొచ్చాం.

ఇప్పుడు కాలం ఎంత మారిందో! హోటళ్ళలో కుక్కలకి పరుపులు వేస్తున్నారు, చీర కుచ్చెళ్ళు ఎత్తుకున్న ఆ పెద్దమ్మలే మనవల కుక్కల్ని ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు పంపుతున్నారు. మేమిద్దరమూ మారిపోయాం అనిపిస్తుంది ఒక్కోసారి. మావారికి మోకాళ్ళు, నాకు బీపీ. నాలుగేళ్ళుగా ప్రయాణం మాటెత్తితే, నా వల్ల అందరూ ఆగాల్సి వస్తుంది, నువ్వు అమ్మాయి వాళ్ళతో వెళ్ళు అంటారు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆ బండిలోని కుక్క సంగతి చెప్పి, మరి మిమ్మల్ని ఏం చేయమంటారు, అపాయింట్‌మెంట్ తీసుకోమంటారా అని అడిగాను. ఆయన మజ్జిగన్నం ఆఖరి ముద్దదాకా తిని, కంచం తీసుకుని లేచారు.

ఇవాళ పొద్దున్నే నేను నిద్ర లేచేసరికి హాల్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. సరస్సు ఒడ్డున ఆ మోటెల్ పెద్దావిడ పోయిందట. మనవరాలు నడుపుతోంది, శనివారం శనివారం పొయ్యి ఇంకా వెలిగిస్తున్నారట. గది ఖాయం చేస్తూ ఆ అమ్మాయి, మీతో కుక్కలేమైనా వస్తున్నాయా అని అడిగినట్టుంది.

"లేదమ్మా, ఈసారి ముసలివాళ్ళం మేమిద్దరమే" అన్నారు మావారు.