టర్నరమ్మ కలిపిన నిమిషం

ఆ వర్క్‌షాపులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి చేతిలో ముక్క చెడితే ఆ ముక్కను వాళ్ళ బల్ల మీదే వారం పాటు ఉంచాలి. ఎవరూ తిట్టరు, జీతంలో పైసా కోయరు. వచ్చేపోయే వాళ్ళు దాని వంక ఒకసారి చూసి వెళతారు, అంతే. ఆ చూపు చాలు, మనిషి ముఖం చిన్నబోవడానికి.

లేత్ మీద ఇనుము చెక్కే టర్నరు కాబట్టి అందరూ టర్నరమ్మ అని పిలిచే ఆమె బల్ల మీద చెడిన ముక్క కనిపించి ఏళ్ళు గడిచాయి. లేత్ మిషన్‌లో గిరగిరా తిరిగే ఇనుప కడ్డీకి కోసే టూల్ ఆనించేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. కావలసిన కొలత కంటే వెంట్రుకవాసి ఎక్కువే ఉంచి, ఆ కాస్తనూ చివర్లో సుతారంగా తీసేది. ఎక్కువుంటే తీయవచ్చు, తక్కువైతే ఆ ఇనుమును తెచ్చి అతికించేదెవరు?

అటువంటి మనిషి మనసు కంప్యూటర్ మీదికి మళ్ళింది. కంప్యూటర్‌తో నడిచే కొత్త లేత్ షాపులోకి రావడమే అందుకు మూలం. ఎటు ఎంత కోయాలో దానికి ముందుగా రాసివ్వాలి. తక్కినవాళ్ళు దాన్ని దెయ్యాన్ని చూసినట్టు చూస్తూ చుట్టు తిరిగి పోతుంటే, ఆమె భోజనం డబ్బా మూత తీయడం కూడా మరచి దాని ముందే కూర్చునేది. ఆపైన సాయంత్రం తరగతుల్లో చేరింది. అక్కడ పక్క కుర్చీలో వాళ్ళది ఆమె పెద్దకొడుకు ఈడు. నిలబడి చేసే పని తక్కువదని, కూర్చుని చేసే పని గొప్పదని ఏ న్యాయస్థానం తీర్పు చెప్పిందో తెలియదు కాని, లోకమంతా ఆ తీర్పునే అమలు చేస్తున్నది. ఆమె మాత్రం దానికి తలవంచలేదు. “పైకొస్తున్నావమ్మా” అని ఎవరైనా మెచ్చుకుంటే, “పైకీ లేదు, కిందికీ లేదు. పక్క గదిలోకి వెళ్తున్నానంతే” అనేది.

చదువు ముగిశాక ఒక చిన్న కంపెనీ ఆమెను పరీక్షాకాలం మీద తీసుకుంది. బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో స్టాపుల్లో బోర్డుల మీద చూపించడం వాళ్ళ పని. షాపు విడిచి వెళ్ళేరోజున మేస్త్రి ఆమెను పక్కకు పిలిచాడు.

“వెళ్ళు. నీ మిషన్ మీద గుడ్డ కప్పి ఉంచుతా. ఎవణ్ణీ వేలు పెట్టనివ్వను. అక్కడ కుదరలేదనుకో, వచ్చి గుడ్డ తీసి పని మొదలెట్టుకో.”

“నా మీద అంత నమ్మకమా బాబాయ్?”

“నీ మీదెందుకూ, మిషన్ మీద.”

ఇంట్లో ఇంకో తీరు. భర్త సిటీ బస్సు డ్రైవరు. “రోజంతా జనం తిట్టేది చాలదా? ఇక ఇంట్లోంచి కూడా నా మీద నిఘానా?” అని వాపోయాడు. కుట్టుమిషన్ దగ్గర నుంచి అత్తగారు తల ఎత్తకుండానే, “పెట్టనీరా. నువ్వెప్పుడు ఊడిపడతావో కన్నతల్లిని, నాకే తెలిసి చావదు” అంది.

కొత్త ఆఫీసులో ఆమె చేసిన మొదటి ఘనకార్యం కుర్చీలకు నూనె వేయడం. ఆ చక్రాల కిచకిచ భరించలేక ఇంటి నుంచి నూనె డబ్బా పట్టుకెళ్ళింది. ఆ తరువాత మరే ఘనకార్యమూ కనిపించలేదు. తెర ముందు గంటల తరబడి కూర్చునేది, కాగితం మీద లెక్కలు వేసేది, కొట్టేసేది; కీబోర్డు మీద చేయి పడేది కాదు. ఆమె కంటే పదేళ్ళు చిన్నదైన టీమ్ లీడర్ ఒకనాడు కుర్చీ చప్పుడు లేకుండా జరుపుకుంటూ వచ్చింది.

“ఏం చేస్తున్నారక్కా?”

“కొలుస్తున్నా.”

“ఎన్నాళ్ళక్కా కొలుస్తారు? తప్పో ఒప్పో ఒక ముక్క రాయండి.”

“చెడిపోతే?”

“చెడితే పాతది వెనక్కి తెచ్చుకుంటాం. ఎక్కడికీ పోదు.”

టర్నరమ్మ తల ఊపింది కాని నమ్మలేదు. చెడింది తిరిగి బాగుపడే వస్తువును ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“నెలాఖరుకి మీరు రాసింది ఒక్క స్టాపులోనైనా నడవాలి,” టీమ్ లీడర్ గొంతు తగ్గించింది. “నడిస్తే మీరు మా మనిషి. లేకపోతే నేనెంత మొత్తుకున్నా పైవాళ్ళు వినరక్కా.”

ఆమె రాసింది. చెమటలు పట్టి, ఊపిరి బిగబట్టి, లేత్ ముందు నిలబడినట్టే రాసింది. అంతా అయ్యాక, అలవాటైన చేయి ఊరుకోక, చివర్లో ప్రతి లెక్కకూ ఒక నిమిషం అదనంగా కలిపింది. టీమ్ లీడర్ చూసి, జాగ్రత్త మంచిదే అని సరే అంది. బోర్డును ప్రయోగంగా ఆమె ఇంటి దగ్గరి స్టాపులోనే పెట్టారు. పైవాళ్ళు చూసి నిర్ణయించే రోజు వచ్చింది.

ఆ ఉదయం ఆఫీసు తలుపు తోసుకుని ఒక పెద్ద బట్టల మూట లోపలికి వచ్చింది. మూట వెనక అత్తగారు.

“ఏమే, బోర్డులో మూడు నిమిషాలని రాసింది నువ్వేనా?”

“నేనే అత్తయ్యా. ఏమైంది?”

“మూడున్నాయి కదా అని పక్క కొట్లో దారపుండ కొనుక్కుంటున్నా. రెండు నిమిషాలకే వచ్చి తుర్రుమన్నాడు నీ మొగుడు! మూటేసుకుని వెనకాల పరిగెత్తా. అద్దంలో చూశాడు కూడానే! స్టాపు దాటాక ఆపడానికి రూలు లేదట, తీరిగ్గా ఫోన్ చేసి చెప్తున్నాడు. వాణ్ణి తొమ్మిది నెలలు మోసినప్పుడు నేనేం రూలు అడిగానే?”

గదంతా గొల్లున నవ్వింది. టర్నరమ్మ మాత్రం తెర మీది తన లెక్క వైపు తిరిగింది. చూస్తూ చూస్తూ ఆమె నుదురు చరుచుకుంది.

“ఇది కడ్డీ అనుకున్నా. కాదు, రంధ్రం!”

ఎవరికీ అర్థం కాలేదు. కడ్డీ చెక్కేటప్పుడు కొలత కంటే ఎక్కువ ఉంచాలని, రంధ్రం తొలిచేటప్పుడు తక్కువ ఉంచాలని ఆమె గబగబా చెప్పింది. పెద్దదైపోయిన రంధ్రాన్ని ఎవరూ బిగించలేరు. ముందే వచ్చిన మనిషి ఒక నిమిషం నిలబడగలదు. వెళ్ళిపోయిన బస్సు తిరిగి రాదు. కాబట్టి నిమిషం కలపవలసింది కాదు, తీసేయవలసింది.

“తప్పు నాది. పైవాళ్ళతో నేనే చెప్తా.”

“సరే అన్నది నేను కదక్కా, సగం నాది. ముందు మార్చండి.”

ఆమె మార్చింది. ఒక్క గుర్తు, కూడిక బదులు తీసివేత. కాఫీ కప్పు చల్లారేలోపు ఊరికి ఆ కొసన స్టాపులో ఉన్న బోర్డు కూడా మారిపోయింది. టర్నరమ్మ కాసేపు ఏదో జరుగుతుందని ఎదురుచూసింది. తరువాత బల్ల కింద, కుర్చీ వెనక వెతుకుతున్నట్టు చూసింది.

“చెడిన ముక్క ఎక్కడ పెట్టాలి?”

“ఏ ముక్కక్కా?”

ముక్క లేదు. పనిలో దిగిననాటి నుంచి ఎముకల్లో దాగిన భయం అప్పుడు కదిలి, నవ్వుగా బయటికి వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మధ్యాహ్నంలోగా ఆమె మరి కొన్ని తప్పులు చేసింది, ఒక్కొక్కటీ ఇష్టంగా, చిన్నపిల్ల నీళ్ళలో కాళ్ళాడించినట్టు.

పైవాళ్ళు స్టాపుకు వచ్చినప్పుడు అత్తగారు మూటతో సహా అక్కడే కాచుకుని ఉంది. తాను సాక్షినని, సాక్షి లేకుండా విచారణ సాగదని ఆమె పట్టు. బోర్డు ఒక నిమిషం అంది. ఈసారి ఆమె కొట్టు వైపు కన్నెత్తి చూడలేదు. బోర్డు చెప్పినదానికంటే కాస్త ఆలస్యంగా బస్సు వచ్చి ఆగింది.

“ఎక్కమ్మా,” అన్నాడు డ్రైవరు, తల్లి కళ్ళలోకి చూడకుండా.

“ఎక్కుతా, కంగారెందుకు?” అని ఆమె పైవాళ్ళ వైపు తిరిగింది. “చూశారుగా బాబూ! మా కోడలు మనిషిని నిలబెడుతుంది కాని పరిగెత్తించదు.”

సాయంత్రం ఉద్యోగం ఖాయమైన మాట చెప్పగానే టర్నరమ్మ మొదట ఫోన్ చేసింది మేస్త్రికి.

“బాబాయ్, గుడ్డ తీసేయ్. ఇక రాను.”

అవతల మిషన్ల హోరు వినిపిస్తున్నది.

“ఏ గుడ్డ? నువ్వెళ్ళిన మర్నాడే కొత్తమ్మాయికిచ్చేశా ఆ మిషన్.”

“అదేంటి! కప్పి ఉంచుతానన్నావుగా?”

“అనకపోతే నువ్వు గడప దాటేదానివా? సర్లే, ఫోన్ పెట్టేయ్. పనుంది ఇక్కడ.”