ప్రేమకుమారి టీచరు గిటారు యాంప్లిఫయరు

నరసరావుపేటలో ప్రేమకుమారి టీచరంటే నలభై దాటినవాళ్లకు చాలామందికి తెలుసు. మిషను బడిలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పారు. అయితే ఊరు ఆవిణ్ణి గుర్తుపెట్టుకున్నది లెక్కలకు కాదు. చీరకొంగు నడుముకు దోపి, మెడకు కరెంటు గిటారు తగిలించుకుని, చర్చి క్వయరు ముందు నిలబడి వాయించిన మనిషిగా గుర్తుపెట్టుకున్నారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల అలాంటి ఆడమనిషి మరొకరు లేరు.

నేను ఆ క్వయరులో పాడేదాన్ని. ఇప్పుడు కోర్టులో టైపిస్టుగా చేస్తున్నాను. పోయినేడాది జూన్‌లో ఓ ఆదివారం ఆవిడ నాకు ఫోన్ చేశారు.

"ఏమే ఝాన్సీ, ఫోన్లో పాత సామాన్లు అమ్మకానికి పెడతారంటగా. మా పెట్టె ఒకటి పెట్టు."

"ఏ పెట్టె టీచర్ గారూ?"

"ఎన్ని పెట్టెలున్నయ్యే నా దగ్గర? గిటారుది."

ఆ యాంప్లిఫయరు ఆవిడ ఇంట్లో మనిషి లాంటిది. నల్ల రెక్సిన్ తొడిగిన చెక్కపెట్టె, ముందు గోధుమరంగు జాలీగుడ్డ, మూలలకు ఇత్తడి బిళ్లలు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. స్విచ్చి వేశాక లోపల గాజు వాల్వులు ఎర్రబడేదాకా అర నిమిషం ఆగాలి. చిన్నప్పుడు మేము ఆ అర నిమిషం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.

దాన్ని తెచ్చింది ఆవిడ నాన్న అంతోని గారు. నడికుడిలో కాపురముండి, మాచర్ల లైను మీద గూడ్సుబండి గార్డుగా పనిచేసేవారు. డెబ్బై రెండులో గుంటూరు రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ డ్రైవరొకాయన ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఇంటి సామానంతా అమ్మేశాడు. మంచాలు, కుర్చీలు కొనడానికి వెళ్లిన అంతోని గారు గిటారు, ఈ పెట్టె కొని, బండి చివర తను కూర్చునే బ్రేకువ్యానులోనే వేసుకుని నడికుడి వచ్చారు. మంచాలేవని భార్య అడిగితే, "ఇది రెండో ప్రపంచ యుద్ధంలో దొరల పటాలం వాయించిన పెట్టె. మంచానిదేముందే, ఎప్పుడైనా కొనుక్కోవచ్చు" అన్నారట. ఇంటిల్లిపాదీ మరో రెండేళ్లు చాప మీదే పడుకున్నారు. పద్నాలుగేళ్ల ప్రేమకుమారి మాత్రం గిటారు పట్టుకుంది, మళ్లీ వదల్లేదు.

వదిలించింది చికున్‌గున్యా. జ్వరం తగ్గింది కానీ ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. తీగ నొక్కితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

"మూడేళ్లయిందే స్విచ్చెయ్యక. రోజూ తుడవటం, గుడ్డ కప్పటం. వాయించేవాళ్ల దగ్గరికి పోనీ" అన్నారు.

నేను ఫోటోలు తీసి పెట్టాను. గంటలో ఒకడు ఆరువేలన్నాడు. మధ్యాహ్నానికి పదిహేను. మర్నాడు చెన్నై నుంచి ఒకాయన అరవై వేలు ఇస్తాను, ఇంకెవరికీ చూపించవద్దు అన్నాడు. అసలు విలువ తెలియక మోసపోతామేమోనని అప్పుడు మాకు భయం పట్టుకుంది. టీచరు, నేను ఆటో ఎక్కి ఖాజా మొహిద్దీన్ ఇంటికి వెళ్లాం.

ఖాజా మొహిద్దీన్ గారికి పాత బస్టాండు దగ్గర ఒకప్పుడు రేడియో రిపేరు షాపుండేది. షాపు ఎత్తేసి చాలాకాలమైంది. డెబ్బై ఆరేళ్లు. ఆ యాంప్లిఫయరుకు జబ్బు చేసినప్పుడల్లా చూసిన వైద్యుడు ఆయనే. రేడియోలో వేసే వాల్వులే దీనికీ సరిపోతాయని కనిపెట్టి, పాత రేడియోల నుంచి తీసి వేసేవారు.

ఆయన అంతా విని నవ్వారు. "ఆరు నుంచి అరవైకి ఎక్కిందంటే అది అరవై సరుకు కాదమ్మా. ముందు దాని పుట్టినరోజేందో చూద్దాం."

ఆ సాయంత్రమే స్క్రూడ్రైవరు, భూతద్దం పట్టుకుని టీచరుగారింటికి వచ్చారు. వెనక చెక్క విప్పారు. నేను టార్చి పట్టుకున్నాను. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు మీద సిరాముద్ర ఉంది. తుడిస్తే పందొమ్మిదివందల అరవై నాలుగు, ఫిబ్రవరి అని కనిపించింది. కండెన్సర్ల మీదా అదే ఏడు. స్పీకరు అంచున ఒక అంకె, రెండు అక్షరాలు ఉన్నాయి. వాటిని ఫోన్లో వెతికితే, అంకె తేదీకి, అక్షరాలు నెలకూ సంవత్సరానికీ గుర్తులని తెలిసింది. అది మార్చి, అరవై నాలుగు.

"అయితే యుద్ధం సంగతేంది?" అన్నారు టీచరు.

"ఏ యుద్ధమమ్మా? యుద్ధమైపోయినాక పందొమ్మిదేళ్లకు పుట్టింది."

టీచరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "మా నాన్న ఎంత అబద్ధమాడాడు! మా అమ్మ పోయేదాకా నమ్మింది."

ఆ ఇనుపరేకు మీద ముద్రలే కాదు, పెన్సిలు రాతలు కూడా ఉన్నాయి. రిపేరు చేసినప్పుడల్లా ఖాజా గారు రాసుకున్నవి. "వాల్వు 12-4-81." "స్విచ్చి 3-8-83." టీచరు ఒక్కొక్కటే చదువుతూ, "ఎనభై ఒకటి, నాకు ఉద్యోగమొచ్చిన ఏడు" అనుకున్నారు. తర్వాత రాత దగ్గర ఆగారు. "ట్రాన్స్‌ఫార్మరు చుట్టాను 19-12-86."

ఖాజా గారు భూతద్దం పక్కన పెట్టేశారు.

ఆ డిసెంబరులో మాచర్లలో క్రిస్మసు సభలు. మూడు రోజుల ముందు రిహార్సల్లో జనరేటరు ఓల్టేజి ఎగిరి పెట్టెలోంచి పొగ వచ్చింది. స్పీకరుకు పాటనందించే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. అలాంటిది గుంటూరులోనూ దొరకదు. పెట్టెను బస్సు టాపు మీద వేసి పేటకు తెచ్చారు. ఖాజా గారు షాపు మూసి, రాగితీగ తెచ్చి, ఒక్కో చుట్టు లెక్కపెట్టుకుంటూ చేత్తోనే చుట్టారు. సభ రోజు పొద్దున తొలి బస్సుకు పెట్టెనెక్కించారు. ఆ మధ్యాహ్నం మాచర్లలో టీచరు వాయిస్తుంటే జనం పందిరి రాటలు పట్టుకుని తొంగి చూశారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎర్ర స్వెట్టరు వేసుకుని మొదటి వరసలో నిలబడి పాడాను.

మర్నాడు ఆ ముద్రల ఫోటోలు కూడా తీసి పెట్టాను. హైదరాబాదులో పాటల రికార్డింగు స్టూడియో నడుపుతున్న సందీప్ అనే ఆయన ఫోటోలన్నీ చూసి, వాల్వులు, స్విచ్చిలాంటివి పోను లోపలి పెద్ద భాగాలన్నీ అసలువైతే రెండు లక్షల ఇరవై వేలదాకా ఇస్తానన్నాడు. మరుసటి శనివారం కారులో వచ్చాడు. పెట్టె తెరవకముందే ఖాజా గారు చెప్పేశారు.

"బాబూ, ఒక ట్రాన్స్‌ఫార్మరు కంపెనీది కాదు. నేను చుట్టింది. చూసుకుని బేరమాడు."

సందీప్ మీటరు పెట్టి చాలాసేపు చూశాడు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేదో లేదో సార్. కానీ కొనేవాళ్లు దీన్నే మొదట అడుగుతారు. లక్షా నలభై ఇవ్వగలనమ్మా."

ఖాజా గారి ముఖం వాడిపోయింది. "నా చేత్తో ఎనభై వేలు పోగొట్టాను ప్రేమమ్మా."

"ఊరుకో అన్నా! ఆ రోజు నువ్వు చుట్టకపోతే ఇది ఎనభై ఆరులోనే పొయ్యిలోకి పోయేది" అని కసిరి, టీచరు సందీప్ వైపు తిరిగారు. "కాగితం మీద ధర కట్టినావు. వాయించి చూసినావా? వాయించి చెప్పు."

అతను తన గిటారు తెచ్చి తగిలించాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. మొదట మెల్లగా ఒక తీగ మీటాడు. గదిలో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. తర్వాత కళ్లు మూసుకుని పావుగంట వాయించాడు. టీచరు ఎడమచేతి వేళ్లు ఒళ్లో తమంతట తాము కదులుతున్నాయి. ఖాజా గారు తల వంచుకుని, రోగి గుండె వినే డాక్టరులా విన్నారు.

అతను గిటారు దించాడు. "లక్షా అరవై ఇస్తానమ్మా. ఇంకొకరికి అమ్మడానికి తీసుకుపోవట్లేదు. స్టూడియోలోనే ఉంచుకుంటా."

"లోపల పెన్సిలు రాతలు తుడపమాక" అన్నారు టీచరు. ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే.

పెట్టెను కారెక్కించేటప్పుడు ఆవిడ గుమ్మం దగ్గరే ఉండిపోయారు. కారు సందు మలుపు తిరిగాక లోపలికెళ్లి, మేము వచ్చేసరికి టీ పెడుతున్నారు. ఆ డబ్బుతో ఏం చేస్తారని అడిగితే, "నీకెందుకే" అని కసిరారు. ఖాజా గారికి ఇరవై వేలివ్వబోతే ఆయన టీ కూడా తాగకుండా లేచారు. బతిమాలి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

రెండు నెలల తర్వాత సందీప్ ఒక రికార్డింగు పంపాడు. కొత్త పాటేదో, మధ్యలో ఆ పెట్టె గొంతు స్పష్టంగా వినిపించింది. టీచరు, నేను ఖాజా గారింటికి వెళ్లి, ఫోను బల్ల మీద పెట్టి ముగ్గురం విన్నాం. అయిపోయాక టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మళ్లీ పెట్టవే" అన్నారు. మళ్లీ పెట్టాను.

ఖాజా గారు చెవి దగ్గరగా పెట్టుకుని విన్నారు.

"చానా బాగుంది. కాకపోతే అడుగున కొంచెం గుయ్యిమంటోంది, వినపడిందా? ఎడమపక్క పెద్ద కండెన్సరు మార్చమని చెప్పమ్మా ఆ పిల్లోడికి. మార్చి, తారీఖు కూడా రాయమను."