ఎండిన ఎముకల మాత్ర

వెర్రిబీ వెళ్ళే లోకల్ రైల్లో నా ఎదురు సీటులో కూర్చున్న ఆవిడ పేరు నేను అడగలేదు. నెరిసిన జుట్టు, ఒళ్ళో జిమ్ సంచి. నేను కీళ్ళ నొప్పులకి వాడే హైలురానిక్ యాసిడ్ మాత్రను అరచేతిలో పెట్టుకుని "స్తోత్రం ప్రభువా" అనడం విని నవ్వింది. తన నీళ్ళ సీసా మూత తీసి నా వైపు చాపింది.

"మాత్రకి కూడా ప్రార్థనేనా బాబూ? దేనికది?"

"బరువులెత్తి భుజం పట్టేసింది ఆంటీ. నొప్పి తగ్గుతుంది, కండ కూడా పెరుగుతుందని మా చర్చి సంఘంలో ఒకన్న ఇచ్చాడు."

బైబిల్లో ప్రవక్తకి కనబడిన, ఎండిన ఎముకల మీదికి నరాలూ మాంసమూ వచ్చిన దర్శనం చదివి, నా భుజం మీద చెయ్యి వేసి ప్రార్థించి మరీ ఇచ్చాడు. నా బాప్తిస్మం రోజున చెయ్యి పట్టుకుని నన్ను నీళ్ళలోకి దించినవాడు ఆయనే.

"నేనూ లిఫ్ట్ చేస్తాలే. నా మోకాలికి డాక్టర్ ఇదే మందు ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. పెయిన్ కాస్త తగ్గింది. కండ మాత్రం దీంతో రాదు నాయనా, తిండితో, బరువులతో రావాల్సిందే. మీ అన్న కూడా లిఫ్ట్ చేస్తాడా? ఇవే వాడతాడా?"

"లేదాంటీ. ఆయన అమ్ముతాడు."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు వినిపించింది. ఆవిడ సీసాకు మెల్లగా మూత పెట్టేసింది.

మాత్రలు పక్కన పెట్టి కొన్నాళ్ళు బరువులు మానేస్తే భుజం నయమైంది. ఆ దర్శనం మాత్రం ఇప్పుడు ఎప్పుడు చదవబోయినా ప్రవక్త మాట వినిపించదు, అన్న గొంతే వినిపిస్తుంది. పేజీ తిప్పేస్తాను.