ఐదో కన్నెమ్మ ముఖం

"ఒక పూత రంగేస్తే నీ సొమ్మేం పోతాదక్కా?"

"పోయేది నా సొమ్ము కాదు మునిరత్నం, కన్నెమ్మల కండ్లూ మూతులూ. డబ్బా మూత పెట్టు."

"కుంభాభిషేకానికి గుడంతా మెరస్తా ఉంటే ఈ ఏడు రాళ్ళే నల్లగా ఉండాల్నా? పొద్దున పెయింటర్లు వస్తారు, అంతే."

గుడి కమిటీ పెద్ద మునిరత్నం నా తమ్ముడే; నాకు పుట్టిల్లూ అత్తిల్లూ ఈ ఊరే. తెరిచిన డబ్బాలోంచి పెయింటు వాసన ముక్కుకెక్కుతుంటే నాకు సరోజినమ్మ గుర్తుకొచ్చింది.

ఆమె మద్రాసులో కాలేజీ టీచరు. దేశమంతటా పాత శిల్పాలను పరిశోధించేవాళ్ళ సంఘంలో సభ్యురాలు. తిరుత్తణిలో రైలు దిగి, బస్సెక్కి మా ఊరు కే.జీ.కండిగైకి వచ్చింది. అప్పుడు నేను కొత్త కోడలిని. ఏడుగురు కన్నెమ్మలనూ, అంటే గుళ్ళోని సప్తమాతృకల రాతి విగ్రహాలను, ఇటుకపొడితో ఇత్తడి చెంబులు తోమినట్టు తోముతున్నాను. మా అత్త నేర్పిన భక్తి అది. సరోజినమ్మ అరవలేదు. నా చేయి పట్టి ఐదో కన్నెమ్మ ముఖం మీద పెట్టింది. "ముక్కు ఎక్కడుందో చూపించమ్మా." లేదు. అరిగిన రాయిని తోమి తోమి నేనే తీసేశాను.

మూడు రోజులు కొలిచి, గీసి, రాసుకుంది. నా సంగతి రాయొద్దని బతిమాలాను.

"రాయాలమ్మా. మేం చూసింది రాసుకొచ్చి ఏడాదికోసారి మా సంఘంలో చదువుతాం. తప్పుంటే తోటివాళ్ళే నిలదీస్తారు, నిలిచిందే అచ్చవుతుంది. కాలం అరగదీసిందని రాస్తే ఇంకో ఊళ్ళో ఇంకో కోడలు తోముతూనే ఉంటుంది."

నేనూ ఊరుకోలేదు. ఆ ఐదో కన్నెమ్మ కాళ్ళ కింద ఏనుగని రాసుకుంటే, "దున్నపోతమ్మా! ఇవి దంతాలు కావు, కొమ్ములు. రోజూ తోమేదాన్ని, నా వేళ్ళకు తెలీదా?" అన్నాను. తడిమి చూసి, ఏనుగన్న మాట కొట్టేసింది. సంఘంలో ఆ మాట నా పేరుతోనే చదివిందట. మూడో తరగతి చదివిన మనిషి మాట లెక్కేమిటని ఎవరో నవ్వితే, "మీరు తడిమి చూశారా?" అందట.

నా పేరు పెట్టకుండా, కోడళ్ళు తోమినందువల్ల ముఖం పోయిందని కూడా రాసింది. అది అచ్చయిన పుస్తకం మా ఊళ్ళో ఎవరూ చదవలేదు. కాలం అరగదీసిందనే అనుకున్నారు. నేనూ నోరు మూసుకున్నాను.

"ఆ సంఘమొచ్చి ఆపుతాదా?" అని, నేను సరోజినమ్మ మాటెత్తగానే ఎగతాళి చేశాడు తమ్ముడు.

"రాదు. చూసి ఉన్నదున్నట్టు రాసేది వాళ్ళ పని. కాపాడేది మన పని. బ్రష్షు పట్టినోడు ముందు నన్ను దాటాల."

మరునాడు ఏడు గంటలకు పెయింటర్లు వచ్చారు. నేను అప్పటికే చాప పరుచుకుని కన్నెమ్మలకు అడ్డంగా కూర్చున్నాను. ఊరంతా అక్కడ చేరింది. "ఐదో కన్నెమ్మ ముఖం పోగొట్టింది కాలం కాదు, నేను. ఇంకో ఆరు ముఖాలు పోనీను" అన్నాను. మునిరత్నం పెయింటర్లను ప్రహరీగోడ వైపు పంపించాడు. మధ్యాహ్నానికి గోడ పచ్చగా అయింది.