సగంలో ఆగిన జంట

జర్మనీలోని ఆకెన్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో ఒక ల్యాబ్‌లో స్టూడెంట్ అసిస్టెంట్‌గా పనిచేశాను. పిల్లలు కలిసి నేర్చుకునేందుకు మేమొక టచ్‌స్క్రీన్ బల్ల తయారుచేశాం. తెర మీద ఒక నది, దాని మీద కట్టాల్సిన వంతెన. ఇద్దరు పిల్లలు చెరో ఒడ్డున నిలబడి, ఒకేసారి అరచేతులు ఆనిస్తేనే వంతెనకు పలక పడుతుంది. ఎప్పుడు ఆనించాలో ఒక్కరి వైపే కనిపిస్తుంది. రెండోవాళ్లకు నోటితో చెప్పక తప్పదు.

ఆ బల్లను ఊరి చివరి బడిలో పెట్టి, వారానికోసారి వెళ్లి పిల్లల ఆట గమనించేదాన్ని. మూడో తరగతిలో వరంగల్ నుంచి వచ్చిన పాప ఒకతె ఉండేది. వాళ్ల నాన్న బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. బడిలో చేరినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదట. ఒకరోజు వాళ్లమ్మ గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఇంట్ల వాగుతనే ఉంటది చెల్లీ. ఈడికొస్తే మూగదైతది. టీచరేమో డాక్టరుకు చూపియ్యమంటుంది."

పాపకు జోడీగా ఒక జర్మన్ పిల్లను నిలబెట్టాం. నెమ్మదైన పిల్ల. మొదట్లో ఒక్క పలకా పడలేదు. పాప తన వైపు కనిపించే గుర్తునే చూస్తూ నిలబడేది, ఆ పిల్ల అరచెయ్యి ఎత్తి పట్టుకుని ఎదురుచూసేది. ఓ ఉదయం ఉన్నట్టుండి పాప "యెట్స్ట్!" అని అరిచింది. ఇప్పుడు, అని. రెండు చేతులూ ఒక్కసారే పడ్డాయి. ఇద్దరూ ఎగిరి గంతేశారు. నేను రాసుకోవడం మానేసి, కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత వాళ్లను ఆపడం మా తరం కాలేదు. పాప జర్మన్ నేర్చుకుంది. ఆ పిల్ల "ఆగు, ఆగు" అనడం నేర్చింది.

వసంతంలో వాళ్ల నాన్న ఉద్యోగం పోయింది. ఎంత తిరిగినా వీసా గడువులోగా ఇంకోటి దొరకలేదు. వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"వచ్చేవారం ఇండియాకు పోతున్నం చెల్లీ."

"పాపకు చెప్పారా అక్కా?"

"చెప్పినం. ఆ పిల్లను గూడ తీస్కపోదమా అని అడుగుతుంది."

వాళ్లు వెళ్లిన తర్వాతి వారం నేను బడికి వెళ్లేసరికి జర్మన్ పిల్ల బల్ల దగ్గర తన ఒడ్డున అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. నీ స్నేహితురాలు వెళ్లిపోయింది కదమ్మా అన్నాను. "తెలుసు" అంది, చెయ్యి తియ్యకుండానే. ఇంకొకరితో ఆడతావా అని టీచర్ అడిగితే తల అడ్డంగా ఊపింది.

ఫలితాలు రాసేటప్పుడు మా ప్రొఫెసర్ మెత్తగానే చెప్పాడు, సగంలో ఆగిన జంటను లెక్కలోకి తీసుకోలేమని. పరిశోధన నియమం అదే. ఆ ఇద్దరినీ నేనే తొలగించాను. మిగతా జంటలతో థీసిస్ బాగా వచ్చింది.

చలికాలంలో వాళ్లమ్మ మళ్లీ ఫోన్ చేసింది.

"కొత్త బడిల ఏసినం. మల్ల ఎవ్వలతోని మాట్లాడతలేదు చెల్లీ. మీ బల్ల అసోంటిది ఈడ యాడన్న దొరుకుతదా?"

"లేదక్కా. మా ల్యాబ్ చేసింది అదొక్కటే."

"సరే. పాపతోని ఓ మాట మాట్లాడు."

ఫోన్ పాప చేతికిచ్చింది. నేను తెలుగులో పలకరించాను, తర్వాత జర్మన్‌లో. పాప ఊపిరి మాత్రం వినిపించింది. కాసేపటికి వాళ్లమ్మే ఫోన్ తీసుకుని, "ఉంట చెల్లీ" అంది.