తడపని పట్టీ

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పెళ్లానికి చెప్పలేదు, బాపుకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది సిరిసిల్ల. మరమగ్గాల ఇల్లు. ఆ చప్పుడు పడక నేను గోదావరి మీద ఆనకట్టల గేట్లు బాగుచేసే ఒక చిన్న గుంపులో చేరాను. నీళ్లలోకి దిగేది లచ్చన్న. నస్పూర్ మనిషి, చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. ఒడ్డు మీద సామాను సిద్ధం చేసేది నేను. గాలి సిలిండర్‌ను అతని డైవింగ్ జాకెట్ వీపుకు పట్టీతో కట్టాలి, బకిల్ బిగించాలి, ఎత్తి ఊపి చూసి తొడగాలి. నీళ్లలో అతని ఊపిరంతా ఆ పట్టీ మీదే ఉంటుంది.

లచ్చన్న నాకు నేర్పిన మొదటి పని, పట్టీని నీళ్లలో నానబెట్టాకే బిగించడం. అది నైలాన్ పట్టీ. తడిస్తే సాగుతుంది. పొడిగా బిగిస్తే నీళ్లలోకి పోయాక వదులవుతుంది.

ఈ మాట నా బుర్రకెక్కలేదు. ఎలా ఎక్కుతుంది? నేను పెరిగింది నూలు మధ్య. నూలు తాడు తడిస్తే ముడి బిగుసుకుపోతుంది, పళ్లతో పీకితే గానీ రాదు. తడిస్తే వదులయ్యేదేమిటి, దారాల సంగతి నాకే నేర్పుతాడా అని లోపల పొగరు. పైకి మాత్రం తలూపాను.

ఆ రోజు ఎండ మాడ్చేస్తోంది. నీళ్ల బకెట్ గట్టు కింద ఉంది. ఇరవై మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. నన్ను ఆపింది బద్ధకమా, పొగరా? ఇన్నిసార్లు అడుక్కున్నా తేలలేదు. నీళ్లలో అదే బిగుసుకుంటుందిలే అనుకున్నాను. పొడి పట్టీనే బిగించి, ఎత్తి ఊపాను. కదల్లేదు. ఎందుకు కదులుతుంది, పొడిగా ఉంది కదా!

లచ్చన్న చేతులు వెనక్కి చాపి జాకెట్ తొడుక్కుంటూ అడిగాడు.

"పట్టీ తడిపినవా తమ్మీ?"

"తడిపిన అన్నా."

"మంచిగ చూసినవా?"

"చూసిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

మా గుంపులో ఆ అడగడమే తనిఖీ. కట్టినవాడు కట్టానన్నాక మళ్లీ చేత్తో తడిమి చూస్తే వాణ్ని నమ్మనట్టు. లచ్చన్న నన్ను నమ్మాడు. దిగాడు.

గేటు ముందు చెత్తను ఆపే ఇనుప కడ్డీలుంటాయి. అక్కడ, బురద నీళ్లలో, పట్టీ సాగింది. సిలిండర్ జారి రెండు కడ్డీల మధ్య ఇరుక్కుంది. ఆ ఊపుకు నోట్లోని గాలి గొట్టం ఊడిపోయింది. వీపు వెనక ఇనుము పట్టేసింది, కళ్లకు ఏమీ కనబడదు, ఊపిరి లేదు. ఎట్లా విప్పుకున్నాడో ఏమో, జాకెట్‌ను అక్కడే వదిలేసి పైకి తన్నుకొచ్చాడు. అంత లోతు నుంచి ఒక్క ఉదుటున వచ్చినందుకు ఎడమ చెవిలోంచి రక్తం. అందరూ అతన్ని జీపులో వేసుకుని దవాఖానకు పరుగెత్తారు.

జాకెట్‌ను కొక్కెంతో పట్టి పైకి లాగింది నేనే. పట్టీ వేలాడుతోంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. సిలిండర్‌ను పైకి జరిపి బిగించాను. ఇప్పుడది బాగా తడిసింది కదా, లచ్చన్న చెప్పినట్టే గట్టిగా పట్టింది. అప్పుడు నమ్మాను ఆయన మాట. ఛీ, నా బతుకు!

సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చి ఎత్తి ఊపి చూశాడు. ఏదో జారినట్టయిందని లచ్చన్న దవాఖానలో చెప్పాడట. "ఏం జారలే. సామాను మంచిగనే ఉన్నది, ఆయనే భయపడ్డడు" అని, ఆ మాటే రిపోర్టు కాగితం మీద రాశాడు. నేను పక్కనే ఉన్నాను. తడి సామాను సర్దుకుంటూ నిలబడ్డాను.

లచ్చన్నకు ఆ చెవి పోయింది. మళ్లీ నీళ్లలో దిగలేదు. తెప్ప కూడా ఎక్కడు. గట్టున కూర్చుని తమ్ముడు పట్టిన చేపలు తూకం వేస్తాడు. గంగమ్మ బిడ్డకు నీళ్లంటే భయమా అని పెళ్లిళ్లలో నలుగురూ ఆటపట్టిస్తారు, అతనూ నవ్వుతాడు. మొదట్లో "లేదు, సిలిండర్ జారింది" అని వాదించేవాడు. పోయిన ఏడు నాతో అన్నాడు, "నాకే గుండె జారింది కావచ్చు తమ్మీ. నువ్వు మంచిగనే కట్టినవ్." తన ఒంటికి తెలిసిన నిజాన్ని నా మాట కోసం వదిలేసుకున్నాడు.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు నేనే నేర్పుతున్నాను. పట్టీని రెండుసార్లు ముంచుతాను. ఎంత జాగ్రత్త గల మనిషి అంటారు. ఆ మాట వింటే ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది. ఎక్కడికి పోను? చెబుదామని నస్పూర్‌కు ఎన్నిసార్లు పోలేదు! చాయ్ తాగి వచ్చేస్తాను. చెబితే కొడతాడా? కొడితే నయమే. పోనీలే తమ్మీ అంటేనో? దానికే ఎక్కువ భయపడుతున్నాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. మీరు క్షమిస్తే లచ్చన్నకు ఒరిగేదేముంది? ఆ కాగితం మీద ఉండాల్సిన మాటను ఇక్కడైనా నా చేత్తో రాసుకోనివ్వండి. ఊపిరి కాస్త ఆడుతోంది.

పట్టీ నేను తడపలేదు. లచ్చన్న భయపడలేదు.