సాక్ష్యం చెప్పాక మా అమ్మ

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చిలో పాటలు అయిపోయాక సాక్ష్యాలు మొదలయ్యేవి. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఒకామె గేదె ఈనిందని, ఒకాయన కొడుకు పదో తరగతి గట్టెక్కాడని... చెప్పేవాళ్ళు ఏడ్చేవాళ్ళు, వినేవాళ్ళు స్తోత్రం అనేవాళ్ళు. ఆరాధన మొత్తంలో నాకు అదే ఇష్టం.

మాది ముదినేపల్లి దగ్గర పల్లె. అమ్మ చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేసేది. ఐసు, నీళ్ళు, రోజంతా తడి కాళ్ళు... ఆమెకు షుగరు. మాత్రల పొట్లం బియ్యం డబ్బా మీద ఉండేది.

తాడేపల్లిగూడెంలో స్వస్థత కూటాలు పెడితే షెడ్డు ఆడవాళ్ళతో కలిసి వెళ్ళింది. తిరిగొచ్చాక ఒళ్ళు తేలిగ్గా ఉందంది. ఆ ఆదివారమే లేచి, తలమీద కొంగు సర్దుకుని, "నా షుగరు ప్రభువు తీసేశాడండీ" అని సాక్ష్యం చెప్పేసింది. చర్చంతా చప్పట్లు.

బయటికి రాగానే సువార్తత్త అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంకేంటి వదినా, మావాడి పెళ్ళిలో నీకు రెండు లడ్లు!"

"మూడు పెట్టు" అంది అమ్మ. ఆమె అంత గట్టిగా నవ్వడం అంతకుముందు చూడలేదు.

నాన్న చర్చికి రాడు. అన్నం తింటూ అడిగాడు. "పరీక్ష చేయించావా?"

"అనుమానపడితే స్వస్థత నిలవదంటండీ."

"షుగరు పోయిందని ఊరందరికీ చెప్పావు బానే ఉంది... షుగరుకి చెప్పావా?"

అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ పూట నుంచి మాత్ర ముట్టలేదు.

పాస్టరయ్యగారు మానమని చెప్పలేదు. "వేసుకోమ్మా, తప్పులేదు" అనే అన్నారు.

"అందరి ముందూ చెప్పేశానండీ అయ్యగారూ. ఇప్పుడు మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదాండీ?"

అయ్యగారు అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

వానాకాలంలో షెడ్డులో జెల్ల చేప ముల్లు అమ్మ పాదంలో దిగింది. పుండు మానలేదు. ప్రార్థన చేసిన నూనె రాసుకుని, గుడ్డ కట్టుకుని పనికి వెళ్ళేది. కొన్నాళ్ళకు పక్కన కూర్చునేవాళ్ళు దూరం జరిగారు... అన్ని చేపల మధ్య కూడా ఆ వాసన తెలిసిపోయింది. నాన్న ఎత్తుకెళ్ళి ఏలూరు పెద్దాసుపత్రిలో వేశాడు. పాదం తీసేశారు. తర్వాత మోకాలి దాకా తీసేశారు. అయినా విషం ఆగలేదు.

మంచం పక్కన కూర్చుంటే నాతో అంది... "తప్పు ప్రభువుది కాదమ్మా. నా విశ్వాసమే చాల్లేదు."

నాకు నమ్మకం పోయింది ఆ మాటతోనే. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. ఆమె దగ్గర ఇంకేం మిగిలిందని...

సమాధి దగ్గర అయ్యగారు, ప్రభువు ఆమెను ప్రేమించి పిలుచుకున్నాడన్నారు. అందరూ స్తోత్రం అన్నారు.

ఏనాడూ చర్చి గడప తొక్కని నాన్న ఇప్పుడు ప్రతి ఆదివారం వెనక వరసలో కూర్చుంటున్నాడు. నమ్మకం కుదిరిందా అని అడిగితే, "ఇంట్లో ఉండి మాత్రం ఏం చెయ్యనమ్మా" అంటాడు.

ఇప్పుడు సాక్ష్యాలకు మైకులు, కెమెరాలు వచ్చాయి. ఫోను తెరిస్తే చాలు... చూపు వచ్చినవాళ్ళు, లేచి నడిచినవాళ్ళు. చెప్పినవాళ్ళు ఆ తర్వాత ఏమయ్యారో ఏ వీడియోలోనూ ఉండదు.

అలా సాక్ష్యం చెప్పినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే రాయండి... ఇంకా బతికే ఉంటే, తప్పకుండా రాయండి.